నూటా ఆరు పాయింట్ సున్నా ఏడు

మా నాయన అబద్ధాలు ఆడడని నేను ప్రమాణం చేయలేను. చింతామణిలో బెల్లం, చింతపండు అమ్ముకునే మనిషి అబద్ధం ఆడకుండా సాయంత్రం దాకా అంగట్లో కూర్చోలేడు. నిరుటి చింతపండును ఈ ఏటిదని చెప్పేవాడు. "నీకు కాబట్టి ఈ ధరకిస్తాండా అప్పా" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. కానీ నేను పుట్టిన వేళ గురించి మాత్రం ఆయన నోట ఎప్పుడూ ఒకే మాట. మదనపల్లి బస్సు వచ్చి ఆసుపత్రి ఎదుట నిలబడింది, నర్సమ్మ బయటికి వచ్చి ఆడపిల్ల అంది, తను చేతి గడియారం చూసుకున్నాడు. ఈ కథ ఎన్నిసార్లు విన్నానంటే, చిన్నప్పుడు నేను ఆ బస్సులోంచే దిగి వచ్చాననుకునేదాన్ని.

ఆ వేళకు పంచాంగం ప్రకారం పుష్యమి నక్షత్రం. అది ఇంకో గంటలో అయిపోతుందనగా నేను పుట్టాను. ఆ గంట దాటితే ఆశ్లేష. ఆశ్లేషలో పుట్టిన పిల్ల అత్తగారికి గండమని మా వైపు గట్టి నమ్మకం. మూల మామకు, ఆశ్లేష అత్తకు అని చిన్నపిల్లలు కూడా అప్పజెబుతారు. అలాంటి పిల్ల ఉన్న ఇంటికి వచ్చినవాళ్లు, అత్త లేని ఇల్లు చూసి ఇవ్వండి అంటారు. వేళాకోళానికి కాదు, మంచి కోరి అంటారు. నాకు ఆ బాధ లేదని మా అమ్మ ఎంతమంది దగ్గర చెప్పుకుని మురిసిందో.

అప్పట్లో నేను చిక్కబళ్లాపురంలో ఒక డిప్లొమా కాలేజీలో సి ప్రోగ్రామింగ్ చెప్పేదాన్ని. ఫ్లాపీలు పోయి పెన్‌డ్రైవులు వస్తున్న రోజులు. మా ల్యాబులోకి పోవాలంటే చెప్పులు బయట విడవాలి. కంప్యూటర్లకు దుమ్ము పడకుండా పూలపూల గుడ్డలు కప్పి ఉండేవి. అదే కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవాడు అతను. బాగేపల్లి వాడు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి గాజుల అంగడి పెట్టుకుని చదివించింది. స్టాఫ్‌రూములో మేమిద్దరం ఒకరినొకరు మీరు అనుకునేవాళ్లం, బస్టాండుకు వచ్చేసరికి నువ్వు అయిపోయేది. మా ఊళ్లు చెరో దిక్కు. అతనికి బాగేపల్లి బస్సులు వెంటవెంటనే ఉండేవి, నాకు చింతామణి బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదు. నా బస్సు వచ్చేదాకా అతను తన బస్సులు వదిలేసేవాడు. ఎక్కరాదా అంటే, "ఇది రష్షుగా ఉండాది, తర్వాతది ఎక్కుతాలే" అనేవాడు. ఆ బస్సు ఖాళీగా ఉండేది. అలా వదిలేసిన ఖాళీ బస్సుల వల్లే నేను అతన్ని ప్రేమించాను. ఈ ముక్క ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు, అతనికి కూడా.

చెప్పాల్సిన అవసరమూ రాలేదు. కులం ఒకటే, గోత్రాలు వేరు, రెండూ కొట్లు నడుపుకునే ఇళ్లే. మా నాయన బాగేపల్లి పోయి గాజుల అంగట్లో కూర్చుని కాఫీ తాగి వచ్చాడు. ఆ తర్వాత నన్నూ తీసుకుపోయారు. అతని తల్లి నా చెయ్యి పట్టుకుని, వేళ్లు దగ్గరికి నొక్కి చూసి, "రెండు ఆరు సైజు గాజు. ఎముక మెత్తగుండాది, చిన్నది రెండు నాలుగైనా ఎక్కుతాది" అంది. గాజులమ్మే మనిషి పిల్లను చూసిన తీరు అది. నాకు ఆమె అక్కడికక్కడే నచ్చేసింది. అరిటాకులు, మండపం, ముహూర్తం దాకా మాటలు పోయాయి. జాతకాలు చూడడం ఒక్కటే మిగిలింది.

అతని మేనమామ గుడిబండెలో ఉండేవాడు. తండ్రి లేని ఇంటికి ఆయనే పెద్ద. మా పురోహితుడు చేత్తో వేసిన జాతకం చూపిస్తే ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"పంచాంగానికీ పంచాంగానికీ గంటలు తేడా వస్తాదప్పా. ఇప్పుడు కంప్యూటర్ వచ్చినాక ఈ తగువేంటికి? అందరం పోయి తీయించుకుందాం," అన్నాడు.

చింతామణి బస్టాండు దగ్గర మెట్లెక్కి పోతే ఒక చిన్న గది, దానికి కంప్యూటర్ జాతకం అని బోర్డు. నొసటి నిండా విభూతి పెట్టుకున్న ఒకాయన పుట్టిన తేదీ, వేళ, ఊరు కొడతాడు. మా వైపు మాట తెలుగైనా రాత కన్నడమే కాబట్టి, ప్రింటరు కీచుమని అరిచి కన్నడంలో జాతకం కక్కుతుంది. ఆరోజు మా నాయన తన మదనపల్లి బస్సు కథ ఆయనకు కూడా చెప్పాడు. ఆయన కొట్టాడు. కాగితం వచ్చింది. మేనమామ కళ్లద్దాలు పెట్టుకుని చదివి, కాగితాన్ని తన చెల్లెలికి ఇవ్వకుండా మా నాయన చేతికిచ్చాడు. ఆశ్లేష, ఒకటో పాదం అని ఉంది.

"లేదప్పా. మళ్లా ఒకసారి కొట్టు. పుష్యమి రావల్ల," అన్నాడు మా నాయన.

ఆయన మళ్లీ కొట్టాడు. ప్రింటరు మళ్లీ అరిచింది. మళ్లీ ఆశ్లేషే.

"మిషన్ ఎవురి పక్కా మాట్లాడదు గదప్పా," అన్నాడు మేనమామ, చాలా నెమ్మదిగా. "నాకు అర్థమైపోయింది. ఆశ్లేష తగలకుండా, పంచాంగం చూసుకుని వేళను ముందుకు జరిపినారు. కంప్యూటర్ లెక్క వేరుగా ఉంటాదని తెలీక దొరికిపోయినారు. ఆడపిల్లను కన్నోళ్లు చేసే పనేలే. నేను తప్పు పట్టను."

అలా జరిపేవాళ్లు ఉన్నారు, కాదనను. పాప పుట్టిన అరగంటకే పెద్దవాళ్లు పంచాంగం తిరగేసి, చెడ్డ నక్షత్రం తప్పేట్టు వేళ దిద్ది పెట్టుకోవడం మా ఇళ్లల్లో కొత్త కాదు. అందుకే ఆ నింద అంత సులువుగా అంటుకుంది. తప్పు పట్టను అన్నాడే, ఆ మాటకు మా నాయన తల కొట్టేసినట్టయింది. బస్టాండు నిండా ఆయనకు తెలిసినవాళ్లే. మెట్లు దిగుతూ ఎవరి మొహమూ చూడలేదు. అతని తల్లి వెనకబడి వచ్చి నా ముంజేయి పట్టుకుని, "ఏం చేద్దాం తల్లీ, మన చేతల్లో లేదు" అంది. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. ఆమె మీద కోపం తెచ్చుకుందామని ఎన్నిసార్లు చూశానో, నాకు చేతకాలేదు.

మర్నాడు అతను ల్యాబుకు వచ్చాడు. తలుపు దగ్గరే చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డాడు.

"నాకు వీటిమీద నమ్మకం లేదని నీకు తెలుసు గదా," అన్నాడు. "కానీ అమ్మకు నేనొక్కన్నే. రేపు అమ్మకు రవంత జ్వరం వచ్చినా మా మామ నీ తట్టే చూస్తాడు. నువ్వు ఆ ఇంట్లో ఎట్లుంటావు?"

నేను కంప్యూటరు మీద పూలగుడ్డ సర్దుతుంటే అతనే మళ్లీ అన్నాడు.

"అది ప్రోగ్రామే గదా. ప్రోగ్రామంటే తప్పులుంటాయి. యాడో తప్పుంటాది, నువ్వు పట్టుకుంటావు. పట్టుకో. మా మామను నేను కూర్చోబెట్టి ఒప్పిస్తా."

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నన్ను వదులుకోవడానికి ఇష్టం లేక దారి వెతుకుతున్నాడనుకున్నాను. నిజానికి అది దారే. కాకపోతే నడవాల్సింది నేనొక్కదాన్నే.

విభూతాయన ముందు ససేమిరా అన్నాడు. ఆ ప్రోగ్రాము రాసింది ఆయన కాదు, బెంగళూరులో ఉన్న బావమరిది. తప్పుందని బయటికి పొక్కితే తన కొట్టు మూతబడుతుందని భయం. మా నాయన దగ్గర బెల్లం తీసుకునే మొహమాటం ఒకటి ఉంది కాబట్టి చివరికి బావమరిదికి ఫోన్ చేసి, ప్రోగ్రాము మొత్తం ఒక సీడీలో వేసి తెప్పించి ఇచ్చాడు. "అమ్మా, తప్పు లేకుంటే లేదని నలుగురికీ చెప్పల్ల మీరు" అని మాట తీసుకున్నాడు.

శనివారాలు మధ్యాహ్నం పిల్లలు వెళ్లిపోయాక ల్యాబులో కూర్చునేదాన్ని. కరెంటు పోతే యూపీఎస్ కుయ్యి కుయ్యిమని మొత్తుకునేది, దాని ప్రాణం పోయేలోపు చేసిందంతా సేవ్ చేసుకోవాలి. ముందు చంద్రుడి లెక్కను అనుమానించాను. చంద్రుడు ఏ క్షణాన ఆకాశంలో ఎన్ని డిగ్రీల దగ్గరుంటాడో చెప్పే సూత్రాలు పేజీలకు పేజీలున్నాయి. ఒక్కొక్కటీ చేత్తో వేసి చూశాను. తర్వాత మన దేశపు గంటల తేడాను, చింతామణి ఉన్న అక్షాంశాన్ని, రేఖాంశాన్ని అనుమానించాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ బావమరిది ఎవరో గానీ చక్కగా రాశాడు. ఎవరిదో ఇంత శుభ్రమైన పని చూస్తే మామూలుగా నాకు ముచ్చటేస్తుంది. అప్పుడు మాత్రం ఏడుపొచ్చేది.

అతను రోజూ అడిగేవాడు, "ఏమన్నా దొరికిందా?" అని. స్టాఫ్‌రూములో కళ్లతో అడిగేవాడు, బస్టాండులో నోటితో అడిగేవాడు. లేదని చెబితే తలవంచుకునేవాడు. నా బస్సు కోసం ఆగడం మెల్లగా తగ్గింది. ఊళ్లో ఎవరైనా చూసి మామకు చెబుతారని అన్నాడు. అదీ నిజమే అనుకున్నాను. ప్రేమలో ఉన్నవాళ్లకు ఎదుటివాడు చెప్పిన ప్రతి కారణమూ నిజంగానే కనిపిస్తుంది.

ఇంట్లో మా అమ్మ ఊరుకోలేదు. ఒకరోజు నేను రాగానే గబగబా చెప్పింది, మండికల్‌లో ఒక సంబంధం ఉందని, పిల్లవాడికి ఆవులున్నాయని, పొలముందని. "అత్తగారు పోయి శానా ఏండ్లయిందంట!" అంది సంబరంగా. అనేశాక తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరో ఆడమనిషి చచ్చిపోయిందని మా అమ్మ సంబరపడింది. మా ఇంటిని అక్కడికి తెచ్చి పెట్టింది ఆ కాగితం. ఇద్దరం కూర తరగడానికి కూర్చున్నాం.

చంద్రుడి లెక్కలో ఏమీ దొరక్కపోయేసరికి ప్రోగ్రామును మధ్యమధ్యలో ఆపి లోపల ఏ అంకె ఉందో చూడడం మొదలుపెట్టాను. అది రెండు ముక్కలుగా ఉంది. మొదటి ముక్క చంద్రుడి స్థానం లెక్కగట్టి ఒక ఫైలులో అంకెగా రాసి పెడుతుంది. రెండో ముక్క ఆ ఫైలు చదివి, అంకెను బట్టి నక్షత్రం పేరు తేల్చి, కన్నడంలో అచ్చు వేస్తుంది. పంచాంగం లెక్క తెలియనివాళ్లకు ఇంత చాలు. ఆకాశం చుట్టూ మూడువందల అరవై డిగ్రీలు, వాటిని ఇరవైఏడు నక్షత్రాలు సమానంగా పంచుకుంటాయి. పుష్యమి వాటా నూటా ఆరు పాయింట్ ఆరు ఏడు దగ్గర అయిపోతుంది. ఆ గీత దాటితే ఆశ్లేష.

నేను పుట్టిన వేళకు ఆపి చూస్తే, చంద్రుడు నూటా ఆరు పాయింట్ సున్నా ఏడు దగ్గరున్నాడు. గీతకు ఇవతలే. పుష్యమిలోనే. అంటే మొదటి ముక్క తప్పు చేయలేదు. వెంటనే ఫైలు తెరిచి చూశాను. అక్కడ నూటా ఆరు పాయింట్ ఏడు అని ఉంది. మధ్యలో ఉండాల్సిన సున్నా లేదు. సున్నా లేకపోతే అది పాయింట్ డెబ్బై. గీతకు అవతలి పక్క.

కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. నిజంగానే తుడుచుకున్నాను, ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది.

అంకెను అక్షరాలుగా మార్చి రాసే పని సి భాషలో ఎవరూ తమంతట తాము చేయరు. భాషతో పాటే వచ్చే లైబ్రరీ ఉంటుంది, అందులోని ప్రింట్‌ఎఫ్‌కు అప్పజెబుతారు. నేను ఏటా మొదటి క్లాసులోనే పిల్లలకు చెప్పే మాట ఒకటుంది. తప్పు ఎప్పుడూ మీ ప్రోగ్రాములోనే ఉంటుంది, లైబ్రరీ మీద తొయ్యద్దు అని. పిల్లలు చేతకాక ప్రింట్‌ఎఫ్ పని చేయలేదు మేడం అంటే, అది పని చేయకపోతే లోకమంతా ఆగిపోతుంది, పోయి నీ కోడు చూసుకో అని కసిరేదాన్ని. ఇప్పుడు దాన్నే అనుమానించాల్సి వచ్చింది. నాలుగు లైన్ల చిన్న ప్రోగ్రాము రాసి రకరకాల అంకెలు అచ్చు వేయించాను. తొంభై ఆరు పాయింట్ సున్నా ఏడు సరిగ్గా వచ్చింది. నూటా ఆరు పాయింట్ ఒకటి ఏడు సరిగ్గా వచ్చింది. నూటా ఆరు పాయింట్ సున్నా ఏడు మాత్రం సున్నా మింగేసి వచ్చింది. వంద దాటాలి, చుక్క పక్కనే సున్నా ఉండాలి. రెండూ కలిస్తేనే తప్పు. అందుకే ఎవరి కంటా పడలేదు.

ఆ బావమరిది వాడింది ఊరికే దొరికే ఒక కంపైలరు, అంటే మనం రాసిన కోడును మిషన్‌కు అర్థమయ్యేట్టు మార్చిపెట్టే సాధనం. దాంతో వచ్చే లైబ్రరీ చిన్నది, ఎవరో ఇద్దరు ముగ్గురు తీరిక వేళల్లో రాసి ఇంటర్నెట్లో పెట్టింది. చిక్కబళ్లాపురంలో బ్రౌజింగ్ సెంటరుకు పోయి దాని కోడు దించుకుని వచ్చాను. వెతకడానికి ఎక్కువ సేపు పట్టలేదు. వందలోపు అంకెలకు ఒక దారి పెట్టారు, పెద్ద అంకెలకు ఇంకో దారి. పెద్ద దారిలో అంకెను మూడేసి స్థానాల గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపును విడిగా అచ్చు వేసి అతికిస్తారు. గుంపు ముందు సున్నా వస్తే మరవకుండా నింపాలి. చుక్కకు ఎడమ పక్క గుంపులకు నింపారు. కుడి పక్క గుంపుకు నింపడం మరిచిపోయారు. ఒక్క లైను కోడు. ఎవరో ఒకాయన ఏ దేశంలోనో ఒక్క లైను మరిచిపోతే, ఇక్కడ మా నాయన బస్టాండులో తలవంచుకుని నడుస్తున్నాడు.

ఆ లైను దిద్ది, మళ్లీ కంపైల్ చేసి, నా వేళ కొట్టాను. పుష్యమి అని వచ్చింది. గట్టిగా అరిచేశాననుకుంటా, అటెండరు పరిగెత్తుకొచ్చి, "షాక్ కొట్టిందా మేడం?" అన్నాడు.

దిద్దిన లైనును లైబ్రరీ వాళ్లకు మెయిల్ చేశాను. వాళ్లు మర్యాదస్తులు. రెండు ముక్కల్లో కృతజ్ఞత చెప్పి, ఈ అంకె మీకు ఎక్కడ తగిలింది, దాన్నే మా పరీక్షల్లో పెట్టుకుంటాం అని రాశారు. ఎక్కడ తగిలిందో ఏమని రాయను? ఖగోళ గణితంలో అని రాశాను.

విభూతాయనకు చెబితే ఆయన మొహం పాలిపోయింది. "ఇన్నేండ్లలో ఎంతమందికి తీసి ఇచ్చినానమ్మా," అన్నాడు. అందరికీ తప్పు రాదు, చంద్రుడు గీత దగ్గర ఉండి, పైగా ఆ సున్నా తగిలినవాళ్లకే అని ధైర్యం చెప్పాను. చెప్పాను గానీ నాకే ధైర్యం లేదు. నాలాంటిది ఇంకొక్కతె ఏ పల్లెలోనో ఉండి ఉంటుంది. ఆమెకు సి రాదు. ఆమె అమ్మ ఆమె కోసం అత్త లేని ఇల్లు వెతికి ఉంటుంది.

మా నాయనకు చెప్పింది అంగట్లోనే. బెల్లం దిమ్మెల మీద ఈగలు తోలుతూ కూర్చుని ఉన్నాడు. కాగితం మీద అంకె రాసి, సున్నా ఎలా పోయిందో విడమరిచి చెప్పాను. సగం అర్థమైందో లేదో తెలియదు. చివరిదాకా విని, నెమ్మదిగా అడిగాడు.

"అయితే నేను చెప్పింది నిజమేనంటావా అమ్మా?"

"నిజమే నాయనా. నువ్వు చెప్పిన వేళ నిజమే."

"ఆ పొద్దు బస్సు లేటుగా వచ్చిందేమో, గడియారానికి కీ ఇచ్చినానో లేదో అని... నాకే అనుమానం వచ్చేసింది. నేనే తప్పు చూసి నీ బతుకు పాడు చేస్తినేమో అనుకుంటి," అన్నాడు.

ఇన్ని నెలలూ ఆయన ఆ గడియారంతోనే కొట్లాడుకుంటున్నాడని నాకు తెలియదు. అబద్ధాలకోరు అని పరాయివాళ్లు అన్న దానికి నేను కుమిలాను. ఆయన తన నిజాన్ని తనే నమ్మలేకపోయాడు. నన్ను ఎవరైనా జాతకాలంటే ఎందుకింత కోపం నీకు అని అడిగితే, ఆరోజు మా నాయన గొంతు గుర్తుకొస్తుంది.

"పో అమ్మా. పోయి వాళ్లకు చెప్పు. నేను వస్తే మళ్లా ఏదో కల్పించినానంటారు. నీ లెక్క నువ్వే చెప్పు," అన్నాడు.

బాగేపల్లికి ముందే కబురు పంపాను. గుడిబండె నుంచి మేనమామ కూడా వచ్చాడు. అంగడి వెనకాల గదిలో, గాజుల అట్టపెట్టెల మధ్య చాప వేశారు. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి, ఎలక్ట్రానిక్స్ చదివిన అతను కళ్లార్పకుండా చూస్తుండగా, అంతా చెప్పాను. అతనికి వెంటనే అర్థమైంది. ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"చూసినావా మామా! నేను చెప్పలా, మిషన్‌లో తప్పుండాదని!"

మేనమామ రెండు కాగితాలూ మార్చి మార్చి చూశాడు. "కంప్యూటరే పుష్యమి అన్నాక ఇంకేముండాది," అన్నాడు. మా నాయనను అన్న మాటల ఊసు ఎత్తలేదు. పాత కంప్యూటరును ఎంత నమ్మాడో కొత్త కంప్యూటరును అంతే నమ్మాడు. అతని తల్లి మాత్రం లేచి వచ్చి నా గడ్డం పట్టుకుంది. "నాకు తెలుసు తల్లీ, నువ్వు నాకు కీడయ్యేదానివి కాదని" అంది. లోపలికి పోయి కుంకుమ తెచ్చి పెట్టింది. చేతికి గాజులు ఎక్కించబోతే, నొప్పి పుట్టకుండా సబ్బునురుగు రాయమని అతనే తల్లికి గుర్తుచేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను కోరుకున్నది ఇదే. నెలల తరబడి కలగన్నది ఈ గదే, ఈ నవ్వే.

మేనమామ భోజనానికి లేచాక మేమిద్దరం అంగడి ముందు నిలబడ్డాం. హైవే మీద లారీలు పోతున్నాయి. అతను ఆపకుండా మాట్లాడుతున్నాడు. పేరేసంద్ర దగ్గర ఒక కల్యాణమండపం చూశాడట, రెండు ఊళ్లవాళ్లకూ దగ్గరట.

అడగకూడదనే అనుకున్నాను. నోరు నా మాట వినలేదు.

"ఒకటి అడుగుతా. లైబ్రరీలో ఏ తప్పూ లేకపోయుంటే? నేను నిజంగానే ఆశ్లేష అయ్యుంటే?"

"ఇప్పుడా మాటేంటికి? పుష్యమే గదా," అన్నాడు నవ్వుతూ.

"అయ్యుంటే?"

నవ్వు ఆగింది. వెనక్కి తిరిగి లోపలికి చూశాడు. అక్కడ అతని తల్లి చెల్లాచెదురైన గాజులు రంగుల వారీగా సర్దుకుంటోంది. అతను అబద్ధం చెప్పి ఉండొచ్చు. మా నాయన అయితే చెప్పేవాడు, 'నీకు కాబట్టి' అని మొదలుపెట్టి. అతను చెప్పలేదు. అంత మంచివాడు.

"అమ్మ ఒక్కతే గదా," అన్నాడు.

నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది, కోపం వస్తే నాలుగు తిట్టి, ఏడ్చి, తర్వాత పెళ్లి చేసుకునేదాన్ని. అన్ని నెలలు అతను నన్ను ఎట్లున్నావని ఒక్కసారైనా అడగలేదు, దొరికిందా అనే అడిగాడు. నేను ఆశ్లేషనై ఉంటే, ఇదే చెయ్యి, ఇదే మొహం, ఇదే ప్రేమ ఉండి కూడా నన్ను వదిలేసేవాడు. బాధపడుతూ వదిలేసేవాడు, కానీ వదిలేసేవాడు. అది నేను ఒక లైను దిద్దితే మారేది కాదు.

గాజులు తీయడానికి చాలాసేపు పట్టింది. బిగుతుగా ఉన్నాయి. అతని తల్లి ఏమైందని అడిగితే, బస్సులో పగిలిపోతాయి అత్తా, తర్వాత వేసుకుంటానని చెప్పాను. ఆమెను అత్తా అని పిలిచింది అదే మొదలు. ఈ సంబంధం మొత్తంలో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే, అదీ అతనికి కాదు, ఆమెకు. బస్సులో చిక్కబళ్లాపురం దాకా ఏడ్చాను. పక్కన కూర్చున్న ఆమె ఎవరో ఏమీ అడగకుండా కిటికీ పక్క సీటు నాకిచ్చింది.

చింతామణిలో దిగేసరికి మా నాయన అంగడి బయటే నిలబడి ఉన్నాడు.

"ఏమన్నారమ్మా?"

"ఒప్పుకున్నారు నాయనా. మేనమామ కూడా ఒప్పుకున్నాడు."

"నా మాట..."

"నీ మాట నిజమేనని తేలిపోయింది."

ఆయన మొహం విప్పారింది. మళ్లీ నా మొహం చూసి వాడిపోయింది. "మరి ఏంటికమ్మా ఇట్లుండావు?"

"నేనే వద్దనుకుంటాండా నాయనా."

లోపలికి తీసుకుపోయి, గోనెసంచి మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చాడు. తనూ ఎదురుగా కూర్చున్నాడు. ఎవరో గిరాకీ వచ్చి చింతపండు ధర అడిగితే తర్వాత రమ్మన్నాడు. గిరాకీ పోయాక అడిగాడు, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

"నువ్వు ఆ పిల్లోన్ని ఇష్టపడితివి గదా తల్లీ?"

"ఇష్టం లేకుంటే చేసుకునేదాన్నే నాయనా," అన్నాను.